కాటా మలుపులో తల లేని బండోడు

తుమ్మపాల దాటి లోపలి రోడ్డు పట్టుకుంటే చెరుకు తోటల మధ్య ఒక మలుపు వస్తుంది. ఆ మలుపులో పాత కాటా గది ఉంది. ఒకప్పుడు అక్కడ చెరుకు బళ్ళు తూచేవారు. ఇప్పుడు తలుపుకి తాళం. పగలు దాని నీడలో మేకలు పడుకుంటాయి. పొద్దు గూకితే మేక కూడా నిలవదు.

ఎందుకంటే అక్కడ ఒకడు తిరుగుతాడు... క్రూజర్ బండి మీద. తెల్ల బట్టలు. మెడ దాకా మనిషే. మెడ పైన — ఏమీ లేదు.

నాలుగేళ్ళుగా ఉంది ఈ చెడ్డ పేరు. పాలు పోసే నూకరాజు చూశాడు. పెళ్ళి భోజనాలు చేసి వస్తున్న ఆటో మొత్తం చూసింది. లారీ కింద పడి చచ్చిన కుర్రాడని కొందరంటారు, చెట్టుకి గుద్దుకున్నాడని కొందరంటారు. ఏ కుర్రాడు, ఏ చెట్టు అని అడిగితే ఒక్కడూ చెప్పడు. "క్రూజర్ తోలేవోడు తాగకుండా తోలతాడేటి?" అని మాత్రం అందరూ తేల్చేశారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు ఉస్మాన్. అనకాపల్లి స్టేషన్ రోడ్డులో ఇరవై ఏళ్ళుగా బళ్ళకి సీట్లు కుడుతున్నాను. క్రూజర్ అంటే తెలుసుగా, లావు ట్యాంకు, కిందికి దిగిన సీటు, కాళ్ళు ముందుకి బారజాపి కూర్చునే బండి. దాన్ని తోలేవాడనగానే జనం కళ్ళ ముందు ఒక బొమ్మ కదులుతుంది. గుబురు గడ్డం, నల్ల జాకెట్టు, చేతి మీద పచ్చబొట్టు, జేబులో సీసా. నా దగ్గరికి వచ్చే వాళ్ళలో ట్యాంకు మీద పుర్రె బొమ్మ వేయించుకున్నాయనకి మూలశంక. "భాయ్, సీటు ఇంకొంచెం మెత్తగా..." అని చెవిలో బతిమాలుకుంటాడు.

కృష్ణబాబు సంగతి మరీ విచిత్రం. ఆరడుగుల మనిషి, చెవుల దాకా మీసం. చేసేది ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం. తాగేది బాదం పాలు. నలభై దాటించడు, కుక్క అడ్డొస్తే బండి ఆపి అది వెళ్ళేదాకా ఆగుతాడు. బల్లిని చూస్తే బెంచీ ఎక్కుతాడు. ఇదంతా నాకు తెలుసు, బెల్లం మార్కెట్టు త్రినాధరావు గారికి తెలియదు.

తెలియక్కర్లేదు కూడా, కానీ ఆయన కూతురు ధనశ్రీ అదే స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కృష్ణబాబు ధైర్యం చేసి అడగడానికి వెళ్ళాడు, వెళ్ళినవాడు తన క్రూజర్ మీద వెళ్ళాడు. పాత మోపెడ్ మీద తెల్ల పంచె సర్దుకుంటున్న త్రినాధరావు గారు ఆ బండిని కింది నుంచి పైదాకా చూసి ముఖం ముడుచుకున్నారు.

"అలాటి బండెక్కినోడు ఇల్లెరగడు. రేపు పొద్దున్నకల్లా దాన్నమ్మీసిన కాయితం తెచ్చి సూపించు. లేపోతే ఎల్లుండి విశాపట్నం నుంచి పెళ్ళోరు వత్తన్నారు," అన్నారు.

పాపం, కృష్ణబాబు ఆ రాత్రే బండి అమ్మడానికి బయలుదేరాడు. కొనేవాడి ఊరు కాటా మలుపుకి అవతల. డ్యూటీ దిగి ఆ కొనేవాడు ఇల్లు చేరేదే తొమ్మిదికి. రెండో దారిలో కల్వర్టు తవ్వేశారు. కాబట్టి మలుపు తప్పదు. అక్కడ జరిగింది మర్నాడు నా కొట్లో కూర్చుని చెప్పాడు. అతను చెప్పినట్టే చెబుతున్నాను.

వెన్నెల పల్చగా ఉంది. రెండు వైపులా చెరుకు. బండి డుగు డుగు మంటూ వెళుతోంది. కాటా గది కనబడింది. సరిగ్గా అప్పుడు... రెండో డుగు డుగు వినబడింది.

తన బండి చప్పుడే గోడకి తగిలి వెనక్కి వస్తోంది అనుకున్నాడు. సంగతి తేల్చుకుందామని బండి ఆపి ఇంజను కట్టేశాడు.

తన చప్పుడు ఆగింది.

రెండోది — ఆగలేదు.

గది వెనక నుంచి నెమ్మదిగా వచ్చింది. లైటు లేదు. తెల్ల చొక్కా, గాలికి ఎగిరే తెల్ల గుడ్డ. మెడ దాకా ఉన్నాడు. మెడ పైన చీకటి. కాటా గది చుట్టూ ఒక రౌండు కొట్టాడు. ఇంకో రౌండు. మూడో రౌండులో... ఆ తల లేనివాడు కూనిరాగం తీస్తున్నాడు.

దెయ్యమైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని కృష్ణబాబు వాళ్ళ నానమ్మ చెప్పేదట. చూశాడు. వెనక్కి లేవు. ముందుకి ఉన్నాయి — ఎంత ముందుకంటే, మనిషి కన్నా కాళ్ళే ముందొస్తున్నాయి! రోజూ తనూ అలాగే కూర్చుంటాడన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. తన బండి వెనక నక్కి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి ఎంతని నక్కుతాడు?

జేబులో ఫోను వణికింది. ధనశ్రీ.

"బండి ఇచ్చీసేరా?"

"తల... లేదు," అన్నాడు గుసగుసగా.

"ఏటి లేదు?"

"తల."

"మీకా?"

ఒకసారి తడిమి చూసుకున్నాడట. "నాకుంది. ఆయనకి లేదు..."

"ఏటి మాటాడతన్నారో నాకు తెలీదు. బండి పోతే పోనీండి, ముందు మీరు ఇంటికొచ్చీండి!" అంది ఆ పిల్ల. గొంతులో ఏడుపు. అది విన్నాక ఇతనికి ఇంకా దిగులేసింది. బండి అమ్మకుండా వెళితే పిల్ల దక్కదు. అమ్ముదామంటే ముందు ఈయన్ని దాటాలి.

దాటక్కర్లేకపోయింది. ఈయనే దగ్గరికి వస్తున్నాడు. డుగు... డుగు... డుగు... నాలుగడుగుల దూరంలో ఆగాడు. చేతిలో ఫోను వెలుగు కింది నుంచి కృష్ణబాబు ముఖం మీద పడింది. చీకట్లో మనిషి లేడు, ఒట్టి మీసం ఉంది.

"అమ్మ నూకాలమ్మ తల్లోయ్!" అని కేక.

కేక వేసింది కృష్ణబాబు కాదు, తల లేనివాడు!

తల లేనివాడికి నోరెక్కడిది? అని ఇతను అనుకునే లోపల ఆ ఆకారం రెండు చేతులూ పైకెత్తి మెడ పైనున్న చీకటిని పట్టుకుని పైకి లాగింది. లోపల బట్టతల. నుదుట చెమటకి కరిగిన కుంకుమ బొట్టు. నల్ల హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని, నాలుగడుగుల పది అంగుళాల త్రినాధరావు గారు గజగజ వణుకుతున్నారు.

"నువ్వా మాస్టారూ! నేను పుట్టించిన దెయ్యం నిజంగానే వచ్చిందనుకున్నాను!"

"మీరు... పుట్టించేరా?"

"మరేటి? గది మా నాన్నది. బండి అందులో దాసేను. ఎవడూ ఇటు రాకుండా ఆ కబురు నేనే మార్కెట్లో వదిలేను." ఆయన గొంతు తగ్గించారు. "చిన్నప్పట్నుంచి పెద్ద బండంటే పిచ్చి బాబూ. ఏ బండెక్కినా కాళ్ళు అందవు. ఓసారి మార్కెట్టు మధ్యలో పడిపోతే జట్టు కూలీలు సైతం నవ్వేరు. ఇదొక్కటే... సూడు, రెండు పాదాలూ నేలకి ఆనతన్నాయి."

ఆనించి చూపించారు. చూపిస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయిందట.

"పగలు తోలొచ్చు కదండీ?"

"సింహాసనం మీద బెల్లం ముక్క అంటారు. నా పరువేటవుద్ది?"

కృష్ణబాబుకి అప్పుడు కోపం వచ్చింది. జన్మలో ఒకటి రెండుసార్లు వస్తుంది అతనికి. "మరి నన్ను రౌడీలా ఎందుకు సూసేరండీ? పిల్లనివ్వనని ఎందుకన్నారు?"

త్రినాధరావు గారు చాలాసేపు హెల్మెట్టు తుడుచుకున్నారు.

"కుళ్ళు బాబూ. ఆరడుగుల మనిషివి, పట్టపగలు, అందరూ సూత్తుండగా, నా గుమ్మంలో అలా దిగేవు. నా కడుపు రగిలిపోయింది. పైగా ఆ బండి రోజూ ఎదురుగా ఉంటే నేను ముట్టుకోకుండా ఉండగలనా? నా గుట్టు బయటపడిపోద్ది."

ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో తెలియదు. చెరుకు తోటలో పడుకున్న నక్కలు లేచి పారిపోయేంత నవ్వు.

ఈలోపు కొనేవాడు ఫోను చేశాడు. కృష్ణబాబు ఒకసారి తన బండి ట్యాంకు నిమిరాడు. బాధగానే ఉంది, కానీ ధనశ్రీ కన్నా ఎక్కువ కాదు. "వత్తన్నానండి, అయిదు నిమిషాలు," అని చెప్పి బండెక్కాడు.

త్రినాధరావు గారు గబుక్కున దిగి వచ్చి, హ్యాండిల్ రెండు చేతుల్తో పట్టుకున్నారు.

"ఎక్కడికి అల్లుడూ? ఆ బండమ్మితే పిల్లనివ్వను!"