సమురాయ్ కత్తి, పొందూరు పత్తి

“బావా, నీ సమురాయ్ పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటాడేటి?”

పొందూరు స్టేషన్ బెంచీ మీద దుర్గాభవాని అతని నవల ప్రింటవుట్ల కట్టని దబ్బున పడేసింది. వరసకు మరదలే గానీ, నోరు మాత్రం అత్తగారిది.

“మధ్యయుగం జపాన్‌లో ఆకలెయ్యదేటే?” అన్నాడు పృథ్వీరాజ్.

కోటబొమ్మాళి నుంచి వైజాగ్ వెళ్లాలంటేనే పదిసార్లు ఆలోచించే ఈ మహారచయిత, కొన్నేళ్లుగా కాగితాల మీద జపాన్‌లో కాపురముంటున్నాడు. అతని నవలలో కెంజి అనే కుర్రాడు మంత్రాలు నేర్చి, ఏడు తలల డ్రాగన్‌ని చంపి, మగాడవుతాడు. డ్రాగన్ చచ్చి వంద పేజీలైంది. రాకుమారి దగ్గర మాత్రం బాబుకి ఇంకా నోరు పెగల్లేదు.

“ఈ డ్రాగన్ దవడతో సేసిన మాయకత్తి ఏటి? మా ఇంట్లో పత్తి దువ్వుకునే వాలుగ సేప దవడే కదా!”

“ఇన్‌స్పిరేషన్.”

“రాట్నం తిప్పుకుంటా కెంజీని సీవాట్లు పెట్టే రాకుమారి?”

పృథ్వీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో వాన మొదలై ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది. దానికి మనసులోనే రెండు పేజీల వర్ణన రాసుకున్నాడు గానీ, చేతిలో ఉన్న గొడుగు విప్పాలని తోచలేదు.

“ఆదివారం విజయనగరం సంబంధపోళ్లు నన్ను సూడ్డానికొస్తన్నారు,” అంది భవాని. గొంతు తగ్గింది. “నీ కెంజి ఎప్పుడడుగుతాడు?”

“రెండో భాగంలో.”

“అప్పటికి నా పిల్లలు బడికెల్తారు. నాకు నువ్వంటే ఇష్టం బావా. నా మాట నాను సెప్పేసినాను. మా నాన్నని అడగడం నీ వంతు.”

గొడుగు లాక్కుని వెళ్లిపోయింది. పృథ్వీ తడుస్తూనే ఆమె వెనకాల నడిచాడు.

ఇంట్లో ఆమె నాన్న నరసింగరావు మగ్గం మీదున్నాడు. భవాని లోపలికెళ్లి రాట్నం ముందు కూర్చుంది. పృథ్వీ కంగారులో పత్తిబుట్టలోని చేప దవడ తీసి కత్తిలా పట్టుకున్నాడు.

“మావా... పూర్వం జపాన్‌లో కెంజి అని ఒక కుర్రోడు...”

“ఏ ఊరోడు?”

“కోటబొమ్మాళి,” అనేశాడు పృథ్వీ. “ఆడికి మీ భవానంటే ప్రాణం మావా. నాకియ్యండి.”

మగ్గం ఆగింది. లోపల రాట్నం కూడా ఆగింది.

“ఒరే, ఈ ముక్క అడగడానికి జపాన్ సుట్టు తిరిగొచ్చినావేట్రా?” అన్నాడు నరసింగరావు. “ముందు ఆ దవడ కింద పెట్టు. పళ్లిరిగితే మా పనాగిపోద్ది.”

పృథ్వీ పెట్టాడు.

నరసింగరావు మీసాల్లో నవ్వుకుని లోపలికి కేకేశాడు.

“ఒసే భవానీ! ఆ విజయనగరపోళ్లకి ఆదివారం రావద్దని ఫోన్ సెయ్యే!”

“పొద్దున్నే సేసేసినాను నాన్నా!”