ఎదురు బోల్టు

సాయంత్రం వాన వెలిసింది. వ్యాన్ల షెడ్డులో తడి మట్టి, గ్రీజు కలిసిన వాసన. ఫిట్టరమ్మాయి అప్పుడే టైరు మార్చిన వెనక చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తుప్పు గీకేసి, బోల్టులు ముందు చేత్తో తిప్పి, జాకీ దించింది. ఇక అసలు బిగింపు. ఒకటయ్యాక పక్కది కాదు, దానికి ఎదురుది. సరిపడా బిగువు రాగానే రెంచి టక్కుమంటుంది.

"ఇంకెంతసేపక్కా! ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్లంతా నిలబడి ఉంటారు," అన్నాడు తమ్ముడు. ఈ బండి నడిపేది వాడే.

"నిలబడితే కాళ్లు నొప్పెడతాయి, అంతే. దారిలో చక్రం ఊడితే?"

ఫోన్లో షెడ్డు యజమాని, వాళ్ల మామయ్య, మండిపడ్డాడు. "నీ ఉపన్యాసాలతో బండి కదలదే తల్లీ! ఏదో బిగించి పంపెయ్."

"మనుషుల ప్రాణం మీ తొందర కంటే చవక కాదు మామయ్యా!" అని పెట్టేసింది.

టక్. ఎదురుది... టక్. అన్నీ అయ్యాక మొదటిదాన్ని మళ్లీ ముట్టుకుంది. వేళ్లతోనే తిరిగింది.

పళ్లు కొరుక్కుంటూ మళ్లీ బిగించింది. మళ్లీ వదులు. మళ్లీ... మళ్లీ వదులే. ఏడుపొచ్చేంత విసుగు.

"ఒరేయ్, నీ వెధవ్వేషాలేనా ఇవి?"

"నీ పక్కనే ఉన్నాను కదా, నేనెలా విప్పుతాను?"

అప్పుడు వినిపించింది. చక్రానికి లోపలి వైపు నుంచి... కిర్రు... కిర్రు...

ఆమె వంగి బండి కిందికి చూసింది. చక్రం వెనక చీకట్లో రెండు తడి మోకాళ్లు. అచ్చం తనలాగే, తనకెదురుగా. అంత ఇరుకులో మనిషి పట్టడు. మోకాళ్ల పైన ఏమీ లేదు...

"చాలు..." గుసగుసగా వినిపించింది. "ఇక పోనీ..."

భయం కంటే ముందు కోపమే వచ్చిందామెకు. "పోనివ్వను!" జాకీ ఎత్తింది. బోల్టులన్నీ విప్పి చక్రం ఊడబెరికి, సామాన్ల గదిలోకి దొర్లించి, తమ్ముణ్నీ లోపలికి లాగి గడియ పెట్టేసింది. ఈసారి తమ్ముడే ఫోను చేశాడు.

"మామయ్యా, వేరే బండి పంపండి. దీన్ని నేను నడపను."

బయట ఇంజను మోగింది. ఆ చప్పుడు షెడ్డు గేటు దాటి, దూరమై... ఆగిపోయింది.

తలుపు తీశారు. వ్యాను ఎక్కడికీ పోలేదు. జాకీ మీద, మూడు చక్రాలతో అలాగే ఉంది. కానీ దాని కింద నుంచి గేటు బయటి దాకా, మెత్తటి మట్టిలో ఒక పక్క టైరు అచ్చు. రెండో పక్క... ఇనుము గీసుకుపోయిన లోతైన గాడి.

"అక్కా... మరి నడిపిందెవరు? నేను ఇక్కడే ఉన్నాను కదూ?"

ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

వంగి గాడిలో మట్టిని తాకింది.

అదీ వెచ్చగానే ఉంది.