తప్పులు: సున్నా

"సాయంత్రం ఐదింటి సైరన్‌కి పృథ్వీని కొలిమిలోకి తోసేస్తారు."

చీఫ్ వెంకటస్వామి టీ గ్లాసు కింద పెట్టాడు. లోకానికి ఆయన రైల్వే పార్సిల్ గుమస్తా. "ముఠా వైర్‌లెస్‌లో విన్నాం. సిల్తారా అన్నారు, ఏ ఫ్యాక్టరీయో మాత్రం అనలేదు. ఆ ఇనుప ఫ్యాక్టరీల పేటలో కొలిమి లేనిది ఏది?"

ఏజెంట్ క్రిస్టోఫర్ గోడ గడియారం చూశాడు. రాయ్‌పూర్ స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. వేషమూ అదే, కూడూ అదే. రైల్వే సిగ్నల్ ప్లాన్లు దొంగిలించే ఆ విదేశీ ముఠాలోకి పృథ్వీని పంపింది అతనే. పొద్దున వచ్చిన ఫోన్ ఇంకా చెవిలో ఉంది: "అన్నా, డెన్ ఫోటో నా హార్డ్ డిస్కులో ఉంది. క్లోక్‌రూమ్‌లో పెట్టా. పరిగెడుతుంటే కింద పడింది, కాస్త చూడు..." అక్కడితో లైను తెగింది.

ఆ డిస్కే ఇప్పుడు కూలర్ గాలిలో బల్లమీద టక్, టక్ మంటోంది. విండోస్ దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇంకో కాపీ ఉంటుందన్న ఆశా లేదు. ఏదీ రెండో కాపీ పెట్టుకోకు, దొరికిపోతావ్: శిక్షణలో మొదటి రోజు క్రిస్టోఫర్ చెప్పే పాఠమే అది.

"ఢిల్లీ నుంచి ఎక్స్‌పర్ట్ వస్తోంది," అంటూ చీఫ్ లేచాడు. "నేను జీపులతో సిల్తారాలో ఉంటా. గేటు తెలిస్తే చెప్పు. తెలియకపోతే వాళ్లమ్మకి కబురు నువ్వే చెప్పాలి."

మూడున్నరకి వీణ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, మే నెల దుమ్ము అంటని తెల్ల చీర.

"బిలాస్‌పూర్ ప్యాసింజర్ ఎంత లేటు?"

"ఇంకా బయల్దేరనే లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె పక్కనే ఓ కొత్త ఖాళీ డిస్కు తగిలించి, లినక్స్ సీడీ వేసి, నల్ల తెర మీద టైప్ చేసింది. "డీడీరెస్క్యూ. తేలిగ్గా వచ్చేది ముందు కాపీ చేస్తుంది, మొండికేసిన చోట్లకి తర్వాత వెళ్తుంది. ఏ డిస్కు నుంచి, ఏ డిస్కులోకి. బస్, అంతే."

ఎంటర్. అంకెలు పరిగెత్తాయి. తప్పులు: సున్నా.

"చూశారా క్రిస్టోఫర్ గారూ? నిక్షేపంలా వస్తోంది."

అతనికి ప్రాణం లేచొచ్చింది. నిమిషం గడిచింది. ఇంకా సున్నాయే. అప్పుడు అనుమానం వచ్చింది. పదేళ్లుగా చచ్చే డిస్కులు చూస్తున్నాడు. ఏదీ ఇంత బుద్ధిగా చదవలేదు. తప్పు లేకుండా చదివించుకునేది ఆ బల్లమీద ఒక్కటే, పక్కనున్న కొత్త ఖాళీ డిస్కు. అంటే ఆ ఖాళీనే పృథ్వీ డిస్కు మీద రాస్తోంది. ఫోటో చెరిగిపోతోంది.

కేబుల్ పీకేశాడు.

"తెలివైనవారే," అంది వీణ. లిప్‌స్టిక్ మూత తీస్తే లోపల సన్నటి తుపాకీ గొట్టం. "పగలగొడితే నా మీదకొస్తుంది. దానంతటదే పోయిందంటే ఎవరడుగుతారు?"

ఆమె రాకముందు డిస్కు వైరు అతికించిన సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. అది ఆమె మణికట్టుకి తగిలించాడు. తూటా పైకప్పులో దిగింది.

నెట్‌వర్క్ కేబుల్‌తో ఆమెను కుర్చీకి కట్టి అడిగాడు. "మీ ముఠా ఉన్నది ఏ ఫ్యాక్టరీ?"

"ఐదు దాటాక చెప్తా."

ఈసారి కమాండ్ తనే కొట్టాడు, డిస్కు చివరి నుంచి వెనక్కి. మొదటి రెండు జీబీ ఆమె చెరిపేసింది, ఫైళ్ల పేర్లు దాంతోపాటే పోయాయి. తప్పులు: నలభై. మూడొందలు. నాలుగూ ఇరవైకి పదకొండు శాతం. "ప్రభువా, ఈ ఒక్కటీ," అనుకున్నాడు. నాలుగూ నలభైకి ముప్పై ఒకటి. అప్పుడు టక్ టక్ కూడా ఆగిపోయింది. డిస్కు పోయింది.

వచ్చిన దాంట్లోంచి పేర్లు లేకుండానే ఫోటోలు ఏరే ప్రోగ్రామ్ పెట్టాడు. పెళ్లి భోజనాలు, ఎవరిదో సైకిలు, సగం మొహాలు. చివర్లో ఒకటి: కింది సగమంతా బూడిద రంగు, పై సగంలో నీలం చిమ్నీ, గేటు మీద పద్నాలుగో నంబరు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. "సార్, నీలం చిమ్నీ, పద్నాలుగో గేటు."

నాలుగూ యాభై రెండు. ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చున్నాడు. జీపుల మోత, తలుపు విరిగిన చప్పుడు, కేకలు. వాటి మీద సైరన్ మోగింది. తర్వాత ఏమీ వినిపించలేదు. వాళ్లమ్మకి చెప్పే మాట మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాడు.

"అన్నా," అంది ఫోన్. పృథ్వీ దగ్గుతున్నాడు. "ముఠా దొరికింది, ప్లాన్లూ దొరికాయి. కనుబొమ్మలే కాలిపోయాయి. అన్నా, డిస్కులో చెల్లి పెళ్లి ఫోటోలుండాలి, వచ్చాయా?"

"భోజనాలే వచ్చాయిరా. పెళ్లికూతురు రాలేదు." క్రిస్టోఫర్ కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకో కాపీ పెట్టుకోలేదా?"

"పెట్టుకోవద్దని నేర్పింది నువ్వేగా."