పావు తిప్పు

ఆటోనగర్ మూడో రోడ్డు మలుపులో ఉన్న టిఫిన్ కొట్టులో యజమాని పెసరట్లు వేస్తున్నాడు. పెనం ముందు నిలబడింది అతనే గానీ చెయ్యి మాత్రం అతనిది కాదు. పన్నెండేళ్ళ కిందట పోయిన తెనాలి ఇల్లాలు ఒకావిడది. పిండి గుండ్రంగా తిప్పి, గరిటె అంచును పెనానికి ఒక్కసారి తట్టి, అల్లం ముక్కలు చల్లే ఆ తీరు చూస్తే ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉలిక్కిపడతారు. యజమాని మాత్రం ఎదురుగోడ మీద కదిలే వార్తలు చూసుకుంటున్నాడు.

అతని మోచేతుల దాకా ఉల్లిపొరంత పల్చటి కరస్మృతి తొడుగులు ఉన్నాయి. ఏ విద్యలోనైనా ఆరితేరినవాణ్ణి ఒరవడి నిలయానికి పిలిపించి, ఆ చేతుల కదలికలను నరం నరం వదలకుండా ఎక్కించుకుంటారు. అలా ఎక్కించుకున్నదే ఒరవడి. తొడుగులు వేసుకున్నవాళ్ళ వేళ్ళు దాన్ని దిద్దుకుంటూ పోతాయి. మంగలి గడ్డం గీసినా, డాక్టరమ్మ కుట్లు వేసినా అంతే. పదేళ్ళకు గాని పట్టుబడని పని పది నిమిషాల్లో చేతికొస్తోంది. లోకానికి మేలే జరిగింది.

ఆ మేలును ఒప్పుకోని మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడున్నాడు. డెబ్బై ఆరేళ్ళ సుభాని. తొడుగుల్లేని చేతులతో టీ గ్లాసు పట్టుకుని, బల్ల చివర కూర్చుని ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని ‘ఉత్తచేతుల తాత’ అంటారు. ఆయనకా సంగతి తెలుసు, కోపం కూడా ఉంది.

ముప్పై నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"సుభాని బాబాయ్, నేను మేఖలని. మల్లేశ్వరరావు గారి..."

"తెలుసులే. ఆ ముక్కు చూస్తే తెలీదా? మీ నాన్నదే." గ్లాసు కింద పెట్టాడు. "ఏంటి సంగతి?"

"నాన్న ఎర్ర కారు బయటికి తీశాను. పాత ఇంజను దించేసి, మీరిద్దరూ తెచ్చి దాచిన ఆరు సిలిండర్లది ఎక్కించాను. స్టార్టవుతుంది బాబాయ్. అరగంట నడిచేసరికి ఇంజను ఊగిపోతోంది, బోల్టులన్నీ వదులు. మూడుసార్లు దించి ఎక్కించా."

"ఎవరి చేత్తో ఎక్కించావు?"

మేఖల తల వంచుకుంది. "నాన్న చేత్తోనే."

సుభాని తన ఉత్త చేతుల వంక చూసుకున్నాడు.

మల్లేశ్వరరావు, సుభాని ముప్పై ఏళ్ళు ఒకే షెడ్డులో పనిచేశారు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బోల్టు మొదలుపెట్టినవాడు దాన్ని పూర్తి చెయ్యకూడదు. చివరి పావు తిప్పు రెండోవాడు తిప్పాలి. ఎవరి తప్పు వాళ్ళ కంటికి ఆనదు కాబట్టి, ప్రతి బోల్టూ ఇద్దరి చేతుల మీదుగా పోవాలని పెట్టుకున్నారు. తుక్కు కింద కొన్న ఆ రెండు తలుపుల స్పోర్ట్స్ కారులో పెద్ద ఇంజను పెట్టి, ఒక్కసారైనా బందరు రోడ్డంతా మోగించాలని ఇద్దరికీ పిచ్చి. అంతలో నిలయం నుంచి కబురొచ్చింది. ఒక ఒరవడికి ఒకే కర్త అన్నది వాళ్ళ నిబంధన. పత్రంలో ఒక్క పేరుకే చోటుంది. మల్లేశు సంతకం పెట్టాడు. "మన పనైనా మిగులుద్ది కదరా" అన్నాడు. "మన పని కాదు, నీ పని" అని సుభాని ఆ పూటే షెడ్డు వదిలి వెళ్ళిపోయాడు.

అది జరిగి పందొమ్మిదేళ్ళు. ఇద్దరూ మొండివాళ్ళే, ఎవరూ మెట్టు దిగలేదు. నిలయం గదిలో ఒంటరిగా చేతులు కదుపుతున్నప్పుడు వాడికి నేను ఒక్కసారైనా గుర్తొచ్చానా అని సుభాని తనను తాను అడుక్కోని రోజు లేదు. రెండేళ్ళ కిందట మల్లేశు పోయాడు. ఇక అడగడానికి మనిషి కూడా లేడు.

"నేను వాడింది నిలయం వాళ్ళు శుద్ధి చేసి అమ్మే ఒరవడి" అంది మేఖల. "నిన్న నాన్న పెట్టెలో శుద్ధి చెయ్యని మొదటి ప్రతి దొరికింది. వేసుకుంటే చేతులు మధ్యమధ్యలో ఆగిపోతున్నాయి. పాడైందేమో తెలీదు. మీరొకసారి చూస్తారా?"

షెడ్డులో ఎర్ర కారు బానెట్ విప్పుకుని ఉంది. ఆరు సిలిండర్ల ఇంజను చైన్ పుల్లీకి వేలాడుతూ తన చోటికి అంగుళం ఎత్తున నిలిచి ఉంది. సుభాని చూశాడు. అంత పెద్ద ఇంజను అంత చిన్న గూట్లో వేలెడు సందు మిగలకుండా పట్టింది. కొలతలన్నీ మల్లేశు ఏనాడో సరిచేసి ఉంచాడు.

మేఖల పుల్లీ వదిలి ఇంజనును దించింది. తొడుగులు వేసుకుంది.

ఆ తర్వాత సుభాని చూసింది మేఖలను కాదు. కుడి బొటనవేలు ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకోవడం, బోల్టును ముందు వేళ్ళతో మూడు చుట్లు తిప్పి మర సరిగ్గా పట్టిందో లేదో చూడటం, స్పానర్‌ను అరచేతిలో ఒకసారి తూచడం, అన్నీ మల్లేశువే. పోయినవాడి చేతులు ఇలా బతికి ఉండటం ఇంత వింతగా, ఇంత గొప్పగా ఉంటుందని ఆయన అనుకోలేదు. పందొమ్మిదేళ్ళుగా తిట్టిపోసిన యంత్రానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

మొదటి బోల్టు బిగిసింది. చెయ్యి ఆగింది. స్పానర్‌ను తిరగేసి, పిడి బయటికి పెట్టి, రేడియేటర్‌కు ఎడమవైపున ఖాళీగా ఉన్న చోటుకు చాపింది.

"ఇదిగో, ఇక్కడే ఆగుతోంది" అంది మేఖల. "ప్రతి బోల్టుకీ పదకొండు సెకన్లు. నిలయం వాళ్ళ కాగితంలో దీన్ని వ్యర్థచలనం అని రాసి కోసేశారు. వాళ్ళ దగ్గర ఆఖరి బిగింపు యంత్రమే చూసుకుంటుందట."

చెయ్యి వెనక్కి వచ్చి రెండో బోల్టు అందుకుంది.

సుభాని అడిగాడు. "ఇది ఎప్పుడెక్కించారమ్మా?"

"మీరు వెళ్ళిపోయిన నెలకి. నిలయం వాళ్ళు ఈ కారు కొలతతోనే చట్రం చేయించుకున్నారట. గదిలో నాన్న ఒక్కడే."

"ఒక్కడేనా?"

"ఒక్కడే బాబాయ్. లోపలికి ఎవర్నీ రానివ్వరు."

సుభాని గబగబా నడిచి రేడియేటర్ ఎడమవైపుకు వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు ఆయన నిలబడిన చోటు అదే. "మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అన్నాడు.

చెయ్యి మొదటి బోల్టు దగ్గరికి వచ్చి, పని ముగించి, స్పానర్ చాపింది. పట్టు వదులుగా ఉంది. సుభాని తీసుకున్నాడు. బోల్టుకు తగిలించి, ఊపిరి బిగబట్టి, పావు తిప్పు తిప్పి, స్పానర్‌ను తిరిగి ఆ వేళ్ళ మధ్య పెట్టాడు. పెట్టిన మరుక్షణం వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి రెండో బోల్టుకు వెళ్ళిపోయింది.

సరిగ్గా పదకొండు సెకన్లు. తనకు ఎంతసేపు పడుతుందో అంతసేపే. ఎదుట ఎవరూ లేని గదిలో కూడా మల్లేశు ఆ లెక్క తప్పలేదు.

మేఖలకు అప్పటికి అర్థమైంది. చేతులను వాటి దారిన వదిలేసింది. రెండు, మూడు, నాలుగు... పదమూడు బోల్టులు అలాగే ఇద్దరి చేతుల మీదుగా బిగిశాయి. ముసలాయన చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోవడానికి తీరిక లేదు.

పద్నాలుగోది ఆఖరు. సుభాని పావు తిప్పు తిప్పి స్పానర్ తిరిగి పెట్టాడు. వేళ్ళు ముడుచుకోలేదు. స్పానర్ జారి కింద పడింది. చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పదకొండు సెకన్లు గడిచాయి, నిమిషం గడిచింది.

"ఇక్కడ నాలుగు నిమిషాలు ఇలాగే ఉంటుంది" అంది మేఖల మెల్లగా. "ఈ మొదటి ప్రతి పాడైపోయిందని నేననుకున్నది ఇందుకే. వెనక్కి రాదు బాబాయ్. ఒరవడి ఇలాగే అయిపోతుంది."

సుభాని ఆ అరచేతి వంక చూశాడు. అది స్పానర్ కోసం చాపింది కాదు. కట్టుబాటు ప్రకారం ఆఖరి బోల్టు అయ్యాక అడగాల్సిందేమీ మిగల్లేదు. తన గ్రీజు చేతిని అందులో పెట్టాడు.

"వచ్చాన్రా" అన్నాడు. "కాస్త ఆలస్యమైంది."

మిగిలిన మూడు నిమిషాలూ అలాగే నిలబడ్డాడు. ఒరవడి ముగిసి ఆ చెయ్యి మేఖలది అయిపోయాక కూడా ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

తర్వాత ఇంజను స్టార్ట్ చేశారు. ఆరు సిలిండర్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. రేకుల కప్పు దడదడలాడింది. చడీచప్పుడు లేని బళ్ళకు అలవాటుపడిన వీధంతా పనులాపి, తొడుగుల చేతులు గాల్లోనే ఉంచుకుని, గుమ్మాల్లోకి వచ్చి చూసింది. పెసరట్టాయన పెనం వదిలి వచ్చాడు. అరగంట నడిచింది, గంట నడిచింది. ఒక్క బోల్టు కదల్లేదు.

"ఎక్కండి బాబాయ్, బందరు రోడ్డుకి పోదాం" అంది మేఖల తలుపు తీస్తూ.

సుభాని కారు చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ పక్క సీటు మీది దుమ్మును తన కండువాతో దులిపాడు. కానీ అందులో కూర్చోలేదు. ఆ సీటు ముందుకు వంచి, వెనకాల ఉన్న ఇరుకు చోట్లో మోకాళ్ళు ముడుచుకుని సర్దుకున్నాడు.

"ముందు కూర్చోండి, అక్కడ మీకు ఇబ్బంది."

"నువ్వు పోనియ్యమ్మా" అన్నాడు సుభాని. "ముందు సీటు మీ నాన్నది."