చెప్పి వెళ్ళిన మనిషి

బుధవారం పొద్దున జయంతి బంగాళాదుంప ముక్కల నీళ్ళు రెండోసారి మార్చి పక్కన పెట్టింది. కిడ్నీలు పనిచేయని మనిషికి కూరల్లో ఉండే పొటాషియం విషమేనని, ఏ ముక్కనైనా గంటలకొద్దీ నానబెట్టి వండాలని ఆసుపత్రివాళ్ళు ఐదేళ్ళ కిందట చెప్పారు. అప్పట్నుంచి ఆ ఇంటి వంట అలాగే సాగుతోంది. కిటికీ బయట, దేశం కాని దేశంలో వాళ్ళుండే ఎడిసన్ ఊరంతా మంచులో మునిగి ఉంది. 1983 ఫిబ్రవరి అది. రోడ్డు మీద మంచు ఎత్తే బండి చప్పుడు తప్ప మరో అలికిడి లేదు.

జగన్మోహన్ చక్రాల కుర్చీని వంటింటి గుమ్మం దాకా తోసుకొచ్చాడు. రంగుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్ట్‌గా పనిచేసిన మనిషి. నలభై ఎనిమిదేళ్ళకే షుగరు జబ్బు మూత్రపిండాల్ని తినేసింది, కంటిచూపు ముప్పాతిక వంతు తీసుకుంది, పోయిన వేసవిలో ఎడమకాలు మోకాలి దాకా పట్టుకుపోయింది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. జయంతి అతన్ని పొద్దున్నే సెంటర్ దగ్గర దింపి, తను పనిచేసే లైబ్రరీకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళేది. ఈ ఐదేళ్ళలో వెయిటింగ్ రూమ్ దాటి ఒక్క అడుగు లోపలికి వేయలేదు. గొట్టాల్లో రక్తం చూడలేనని మొదట్లోనే చెప్పేసింది. అతను నవ్వి సరేనన్నాడు.

"మీనా వెళ్ళిందా?" అన్నాడు.

"ఇప్పుడే స్కూల్ బస్ ఎక్కింది."

"అయితే ఒక్క నిమిషం కూర్చో జయంతీ. డయాలసిస్ ఆపేద్దామనుకుంటున్నాను. ఇప్పుడే కాదు. జూన్‌లో మీనా హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అయిపోయాక."

కాఫీ ఇంకో గుక్క పొయ్యమన్నంత మామూలుగా అన్నాడు. డాక్టర్‌తో నెల కిందటే మాట్లాడానని చెప్పాడు. వద్దనుకునే హక్కు తనకుందని, ఆపేస్తే వారం పది రోజులు పడుతుందని, బాధ తెలియకుండా మందులిస్తామని ఆయన అన్నాడట. జయంతి అంతా విన్నది. చేతులు తుడుచుకుని, రోడ్లు బాగాలేవు, ఆలస్యమవుతుంది పదండి అంది.

ఆ రోజు లైబ్రరీలో ఒకే పుస్తకాన్ని రెండుసార్లు తప్పు అరలో పెట్టింది. భర్త మాట వెనకాలే ఆమెకి తమ్ముడు గోపాల్ గుర్తొచ్చాడు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేవాడు. 1962లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఒక మంగళవారం ఇంట్లోంచి బయటికి వెళ్ళి తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఉత్తరం ముక్క లేదు. కారణం ఈనాటికీ తెలియదు. ఇంకో రెండు నెలల్లో జయంతికి పెళ్ళిచూపులు. "ఆడపిల్ల పెళ్ళి కావాలి, బయటికి పొక్కకూడదు" అని తండ్రి ఒక్క మాట అన్నాడు. అంతే, గోపాల్ టైఫాయిడ్‌తో పోయాడని అందరికీ చెప్పారు. ఆమెను చేసుకున్న జగన్మోహన్‌కీ అదే చెప్పారు, ఆపైన పుట్టిన మీనాకీ అదే చెప్పారు. తల్లి రాజేశ్వరమ్మ మాత్రం ఒక ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఆ పొద్దున గోపాల్ మూడో అట్టు అడిగితే "ఎంతసేపు తింటావురా, అవతల పని ఉంది" అందట. ఆ మాట అనకుండా ఉంటే వాడు ఉండేవాడేమోనని ఇరవై ఏళ్ళుగా తనలో తనే గొణుక్కుంటూ ఉంది. మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ అట్లు పొయ్యలేదు.

రెండు వారాలు అలాగే గడిచాయి. జయంతి వంట చేసేది, దింపేది, తెచ్చుకునేది. మాట ఆ వైపు పోబోతే లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టేది. చెప్పుకుందామంటే చుట్టుపక్కల మనవాళ్ళు లేరు. నెలకోసారి కలిసే తెలుగువాళ్ళతో ఇలాంటివి మాట్లాడరు. కొన్నిసార్లు సెంటర్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపకుండా అలాగే కూర్చునేది, ఎక్కడికి వెళ్ళాలో మరిచిపోయినట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట బయటపడింది. జగన్మోహన్ కూతురికి అంతకుముందే చెప్పేశాడని అప్పుడు తెలిసింది. పదిహేడేళ్ళ మీనా ప్లేటు పక్కకు జరిపి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాన్న బాడీ, నాన్న డెసిషన్. వీ షుడ్ రెస్పెక్ట్ ఇట్. స్కూల్లో మేము దీని మీద డిబేట్ చేశాము. నా సైడ్ విన్ అయింది."

"డిబేట్‌లో గెలిచినవాళ్ళు ఇంటికెళ్ళి హాయిగా అన్నం తింటారు" అంది జయంతి. ఆమె గొంతు లేవలేదు. "పోయినవాడికి హక్కుంటుంది సరే. ఉన్నవాళ్ళు ఏమవుతారో మీ డిబేట్‌లో ఎవరైనా చెప్పారా? నేను చూశాను. మా ఇంట్లో చూశాను."

ఇక ఆగలేకపోయింది. గోపాల్ సంగతి మొత్తం చెప్పేసింది. మంగళవారం గురించి, టైఫాయిడ్ అబద్ధం గురించి, తల్లి అన్న ఆ ఒక్క మాట గురించి. మీనా నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది. జగన్మోహన్ కుర్చీని ఆమె పక్కకు జరుపుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఇది ఒక్కదానివే మోశావా?" అన్నాడు. "నాతో చెప్పకూడదనిపించిందా?"

"చెప్పొద్దన్నారు. తర్వాత చెప్పడం చేతకాలేదు."

అతను తడుముకుంటూ ఆమె చేయి పట్టుకున్నాడు. "గోపాల్‌ది వేరే జయంతీ. ఆ వయసులో, ఒంట్లో శక్తి ఉండగా, ఏదో చీకటి కమ్మి దారి కనపడలేదు. అప్పుడు ఎవరికైనా తెలిసుంటే పట్టుకుని ఆపాలి, ఆపితే బతికేవాడు. నాకు చావాలని లేదు. అదెలాగూ వస్తోంది. దాన్ని ఆ మిషన్‌తో నెడుతూ నెడుతూ అలసిపోయాను."

"మిగిలినవాళ్ళకి రెండూ ఒకటే."

"కావచ్చు. అందుకే చెప్పకుండా చెయ్యలేదు. నువ్వు వద్దంటే మానేస్తాను."

"ఆ బరువు నా నెత్తిన పెట్టకండి. సరేనంటే మిమ్మల్ని పంపించినదాన్ని అవుతాను, వద్దంటే బాధపెట్టినదాన్ని అవుతాను."

అంతలో మీనా ఏడవడం మొదలుపెట్టింది. "ఆ డెసిషన్ రైట్ అని ఎందుకన్నానంటే, నాన్నకి అదే వినాలని ఉందనుకున్నాను. నాకు నాన్న పోవడం ఇష్టం లేదు. నన్నెవరూ అడగలేదు" అంది చిన్నపిల్లలా. ముగ్గురూ ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు సోమవారం. జయంతి లైబ్రరీకి సెలవు పెట్టి, కుర్చీ తోసుకుంటూ మొదటిసారి లోపలికి వెళ్ళింది. వరసగా పన్నెండు కుర్చీలు, వాటిలో మనుషులు, పక్కన మిషన్లు. లావుపాటి సూదులు రెండు జగన్మోహన్ చేతిలోకి దిగడం కళ్ళు మూసుకోకుండా చూసింది. మూడో గంటలో బీపీ పడిపోయింది. మిగిలిన ఒక్క కాలి పిక్క ముడుచుకుపోయి అతను కుర్చీ చేతిని పట్టుకుని పళ్ళు బిగించాడు. తర్వాత వాంతి చేసుకున్నాడు. నర్సు వచ్చి మొహం తుడిచి, ఎప్పుడూ ఇంతేనమ్మా, ఈయన ఇంట్లో చెప్పొద్దంటాడు అంది. వారానికి మూడు రోజులు, ఐదేళ్ళు. కారెక్కేటప్పుడు "బాగానే జరిగింది" అనేవాడు, ఆమె నమ్మేది. తను ఒంటరిగా గోపాల్‌ని మోసినట్టే, పక్కనే ఉంటూ అతను దీన్ని మోశాడు.

అప్పట్నుంచి డయాలసిస్ రోజుల్లో అతని పక్కన స్టూలు మీద ఆమె ఉండేది. గోపాల్‌ని అడగలేకపోయినవన్నీ భర్తను అడిగింది. నావల్ల విసుగొచ్చిందా, నేనేమైనా అన్నానా, కాలు తీసేసిన రోజుల్లో లైబ్రరీకి వెళ్ళానని బాధపడ్డారా అని. అతను దేన్నీ దాటెయ్యలేదు. లైబ్రరీకి వెళ్ళినప్పుడు మాత్రం బాధపడ్డానని ఒప్పుకున్నాడు. వీటిలో ఏదీ దీనికి కారణం కాదని, అలిసిపోవడం ఒక్కటే కారణమని చెప్పాడు. మీనా కూడా సాయంత్రాలు ఇంట్లో తండ్రి దగ్గర కూర్చుని అడగాల్సినవి అడిగింది, రెండుసార్లు పోట్లాడింది. ఏప్రిల్‌లో అతను, "మనసు మారితే చెప్తాను, సిగ్గుపడను" అన్నాడు. మారలేదు. మే నెలలో ఒకరోజు జయంతే అంది: "నేను సరేనని అనలేను. కానీ మీ పక్కన ఉంటాను. అడ్డు రాను." అతను తల ఊపి, అది చాలన్నాడు.

జూన్‌లో మీనా నీలం గౌను వేసుకుని వేదిక ఎక్కి డిప్లొమా తీసుకుంది. అతనికి ఆమె మొహం కనపడలేదు గానీ పేరు పిలవడం విన్నాడు. తర్వాతి సోమవారం అతను సెంటర్‌కి వెళ్ళలేదు. మొదటి నాలుగు రోజులు మామూలుగా మాట్లాడాడు, ల్యాబ్ కబుర్లు చెప్పి నవ్వించాడు. తర్వాత నిద్ర ఎక్కువైంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఒక చెయ్యి జయంతి చేతిలో, ఒకటి మీనా చేతిలో ఉండగా ఊపిరి ఆగింది.

కార్యక్రమాలయ్యాక తెలుగు సంఘం నుంచి నళిని వచ్చింది. మంచిమనిషే, పులిహోర చేసి తెచ్చింది. కాసేపు కూర్చుని, ఎలా జరిగింది, హార్టా అని అడిగింది. మీనా తల్లి మొహంలోకి చూసింది. హార్ట్ అనేస్తే అక్కడితో అయిపోతుంది. జయంతికి ఒక్క క్షణం ఆ మాట నాలిక చివరికి వచ్చింది కూడా.

"డయాలసిస్ ఆపేశారండీ. ఆయనే ఆపమన్నారు. మాకు చెప్పే ఆపారు."

నళిని చేతిలో కప్పు కిందపెట్టింది. గొంతు తగ్గించి, "అంటే... తనంతట తనేనా? ఈ సంగతి బయట అనకండి జయంతిగారూ. హార్ట్ అనే చెప్పండి. ఆడపిల్ల ఉంది, రేపు పెళ్ళి కావాలి" అంది.

"మా ఇంట్లో ఒకసారి అలా దాచారండీ" అంది జయంతి నెమ్మదిగా. "దాచిపెట్టి మా అమ్మను బతికుండగానే పోగొట్టుకున్నాం. ఇక దాచను."

వెళ్ళేముందు నళిని గుమ్మంలో ఆగి జయంతి భుజం మీద చెయ్యి వేసింది. ఒప్పుకుందో లేదో తెలియలేదు గానీ, చెయ్యి కాసేపు అలాగే ఉంచింది.

తలుపు వేసి వచ్చేసరికి మీనా సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఇల్లు బోసిగా ఉంది.

"అమ్మా, గోపాల్ మామయ్య ఎలా ఉండేవాడు?"

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి మీనా. వాడు ఎలా పోయాడన్నది అందరికీ భయమే గానీ, ఎలా ఉండేవాడని ఎవరూ అడగలేదు. జయంతి కూతురి పక్కన కూర్చుంది. నీలాగే కోపం వచ్చినప్పుడు చెవులు ఎర్రబడేవని మొదలుపెట్టింది. సైకిల్ మీద చేతులు వదిలేసి తొక్కేవాడని, తన జడ కుర్చీకి కట్టేసి పారిపోయేవాడని చెప్పింది. చెప్తుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. అవి తమ్ముడి కోసమో భర్త కోసమో వేరుచేసి చూసుకోలేదు.

"ఇంకా చెప్పు" అంది మీనా, ఆమె ఒళ్ళో తల పెట్టుకుంటూ.

జయంతి చెప్తూ ఉంది. చీకటి పడేలోపు కాకినాడకి ట్రంక్ కాల్ బుక్ చెయ్యాలి, ఈసారి అమ్మ చేత కూడా వాడి పేరు పలికించాలి అనుకుంది.