చమురు తగలని గడ్డి

శవం బోర్లా పడి ఉంది.

పైప్‌లైన్ వాల్వ్ దగ్గర, సిమెంటు గట్టు పక్కన. వీపంతా ముడిచమురు. జుట్టులో చమురు, చొక్కా మీద చమురు, అరికాళ్లకూ చమురే. చుట్టూ గడ్డి నల్లగా నిగనిగలాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. నిన్నంతా వేరేచోట మీటింగు బందోబస్తు. కంటిమీద కునుకు లేదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నే శవాన్ని చూడటం ఇక చాలనిపించే వయసు.

"చెప్పు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్‌తో.

"నడకయ్య సార్. కంపెనీ మనిషే. రోజంతా పైప్‌లైన్ వెంట నడిచి, ఎక్కడైనా లీకుందేమో చూడటం అతని పని. అందుకే ఆ పేరు. ఈ అడవిలో పుట్టిన ఆదివాసీ."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగూకే వేళ అలారం మోగింది. కంట్రోల్ రూమువాళ్లు వెంటనే లైన్ ఆపేశారు. సెక్యూరిటీ ఆఫీసర్ అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చాడట. అప్పటికే గొలుసు తెగి ఉంది. వాల్వ్ తెరిచి ఉంది. ఇతను పడి ఉన్నాడు."

"ఎవరి పని?"

"గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్న ఆదివాసీలు గొలుసు కోసి వాల్వ్ తిప్పారు. ఇతను అడ్డుపడితే తల పగలగొట్టారు. కంపెనీ కంప్లయింట్ అది."

"నువ్వేమంటావ్?"

హెడ్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. "టెంటు వెనకాల కట్టర్ దొరికింది సార్. పైనుంచి ఫోన్ మీద ఫోన్. వాళ్ల నాయకురాల్ని రాత్రే స్టేషన్లో కూర్చోబెట్టాం." గొంతు తగ్గించాడు. "ఆవిడ ఇతని సొంతక్క."

ఇన్‌స్పెక్టర్ శవం వైపు తిరిగాడు. ఫోటోలు తీయడం అయ్యాక శవాన్ని వెల్లకిలా తిప్పించాడు.

నుదుటి మీద గాయం. ముఖం మామూలుగానే ఉంది, అలసి నిద్రపోయినవాడిలా. నడుముకు కట్టుకున్న తాడుకు ఒక తాళంచెవి. కింద గడ్డి నలిగి ఉంది. పచ్చగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఆ గడ్డిని వేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

"దీనికీ ఫోటో తియ్యి," అన్నాడు.

వాల్వ్ చక్రానికి గొలుసు వేలాడుతోంది. తాళం వేసినట్టే ఉంది. గొలుసులో ఒక లింకు మాత్రం తెగింది. గొలుసు నిండా చమురు జిడ్డు. తెగిన కొసని వెలుతురు వైపు తిప్పాడు. తళుక్కుమంది. కవర్లో పెట్టించి సీలు వేయించాడు.

"ఒరేయ్! నిన్నే పంపించారా!"

వెనక నుంచి సెక్యూరిటీ ఆఫీసర్. ఇస్త్రీ చేసిన యూనిఫాం, మెరిసే బూట్లు. ట్రైనింగులో ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే బకెట్టు. తర్వాత ఇతను పోలీసు ఉద్యోగం వదిలేసి కంపెనీలో చేరిపోయాడు.

"ముసలాడివైపోయావురా," అన్నాడు ఆప్యాయంగా.

"ఎండలో పని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ తాళానికి చెవులెన్ని?"

"రెండు. ఒకటి వాడి దగ్గర, ఒకటి నా బీరువాలో. నాది తీసి నెలలైంది. దొంగలకి తాళంచెవితో పనేముందిరా? కోసి పారేశారుగా!"

"వాళ్లని చూశావా?"

"పారిపోతుంటే వెనకనుంచి చూశా. ఆడగొంతు కూడా వినిపించింది. నువ్వు పేపర్లు పూర్తి చేసెయ్. మా మేనేజర్ నిన్ను గుర్తుపెట్టుకుంటాడు."

*

స్టేషన్లో ఆవిడ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. కళ్లు పొడిగా ఉన్నాయి. అందరూ అక్క అనే పిలుస్తారు, ఆవిడ కంటే పెద్దవాళ్లు కూడా.

"తమ్ముడితో మాటలు లేవట కదా?"

"లేవు సారూ. వాడు ఆ కంపెనీ చొక్కా వేసుకున్న రోజే మానేశాను. నడివీధిలో నోటికొచ్చినట్టు తిట్టాను. అందరూ విన్నారు. మీకూ చెప్పే ఉంటారు."

"చెప్పారు. నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"టెంటులో. సాక్ష్యం ఎవరంటే మావాళ్లే. మావాళ్ల మాట మీకు చెల్లదు కదా."

ఇన్‌స్పెక్టర్ టీ తెప్పించాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"దేనికోసం ఈ గొడవంతా?"

"మా కొండ కోసం. ఇక్కడి బావులు చాలవట. కొండ మీద కూడా తవ్వుతారట. మా అమ్మా నాన్నా అక్కడే మట్టిలో ఉన్నారు. మమ్మల్ని అడగరా అంటే, మీ పేరుమీద పట్టా ఉందా అన్నారు. చెట్లకి పట్టాలుంటాయా సారూ?"

"ఇవాళ ప్రజాభిప్రాయ సభ పెట్టారు కదా?"

"పెట్టారు. అందుకే మొన్న వాడొచ్చాడు." కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "గుమ్మం బయటే నిలబడి సీసా చూపించాడు. వాగునీళ్లు, పైన నల్లటి తెట్టు. 'అక్కా, పైపు వాగు కిందే పగిలింది. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోవట్లేదు. పిల్లలకి ఒంటినిండా పుళ్లు వస్తున్నాయంటే నువ్వు ఊరికే అరుస్తున్నావనుకున్నాను. సభలో నేనే చెప్తా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"లోపలికి రమ్మనలేదు. చెప్పినప్పుడు చూద్దాంలే అన్నాను."

పక్కగదిలో ఫోన్ మోగుతూనే ఉంది.

శవం దగ్గర సీసా ఏదీ దొరకలేదు.

*

మధ్యాహ్నం అందరినీ వాల్వ్ దగ్గరికి పిలిపించాడు. మేనేజర్ ఎండకు చిరాకుపడుతూ కారు దిగాడు. సెక్యూరిటీ ఆఫీసర్ పక్కనే నిలబడ్డాడు. అక్కను హెడ్ తీసుకొచ్చాడు. తమ్ముడు పడి ఉన్న చోటు చూడగానే ఆవిడ ఆగిపోయింది. హెడ్ చాపిన చెయ్యి పట్టుకోలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మళ్లీ ఇక్కడికెందుకు?" అన్నాడు మేనేజర్. "దోషి మీ కళ్లముందే ఉంది కదా."

"ఒక్క అనుమానం సార్. గొలుసు కోశారు, వాల్వ్ తిప్పారు, చమురు చిమ్మింది. అప్పుడు నడకయ్య వచ్చి అడ్డుపడ్డాడు. అంతే కదా?"

"అంతే."

"మరి అటు చూడండి."

నల్లటి గడ్డి మధ్యలో మనిషి ఆకారంలో పచ్చటి గడ్డి. చాపిన చెయ్యి కూడా తెలుస్తోంది.

"చమురు చిమ్మాక అతను వచ్చి ఉంటే నల్లబడిన గడ్డి మీద పడేవాడు. ఛాతీకి అంటేది. అతని ఛాతీ శుభ్రంగా ఉంది. చమురంతా వీపు మీదే. అంటే చమురు చిమ్మేటప్పటికే అతను ఇక్కడ పడి ఉన్నాడు. ఇక అడ్డుపడిందెక్కడ?"

మేనేజర్ సెక్యూరిటీ ఆఫీసర్ వైపు చూశాడు.

"సరే, కొట్టాకే వాల్వ్ తిప్పారేమో!" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసర్.

"నేనూ అలాగే అనుకున్నా. అప్పుడు గొలుసు చూశా." కవరు పైకెత్తాడు. "దీన్ని కోస్తేనే చక్రం తిరుగుతుంది. ముందు కోసి ఉంటే తెగిన కొసల మీద కూడా చమురు పడాలి. కొసలు మెరుస్తున్నాయి. చమురు పడటం అయిపోయాక ఎవరో తీరిగ్గా కోశారు. మరి చక్రం ఎలా తిప్పారు? తాళం తీసి. పని కాగానే మళ్లీ తాళం వేసి, గొలుసు లింకు కోశారు. కట్టర్ తీసుకెళ్లి టెంటు వెనక పడేశారు."

కవరు హెడ్ చేతికిచ్చాడు.

"నడకయ్య తాళంచెవి అతని ఒంటి కిందే ఉంది. శుభ్రంగా ఉంది. మిగిలింది ఒక్కటే." చెయ్యి చాపాడు. "నీ బీరువాలోది తెప్పించానురా. పళ్ల సందుల్లో జిడ్డు అలాగే ఉంది. తుడిచావు గానీ సరిగ్గా తుడవలేదు."

సెక్యూరిటీ ఆఫీసర్ ఒకడుగు వెనక్కి వేశాడు. నిలువెత్తు మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయాడు.

"నేను చంపలేదురా. సీసా ఇమ్మన్నా. ఇవ్వనన్నాడు. లాక్కోబోతూ తోశాను. గట్టు తగిలింది. అంతేరా, నీ మీద ఒట్టు."

"పడ్డాక ఊపిరి ఉందా?"

సెక్యూరిటీ ఆఫీసర్ తన బూట్ల వైపు చూశాడు.

"ఉందా, లేదా?"

"చూళ్లేదు."

అక్క నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడకుండా ఏం చేశావు?"

"ఫోన్ చేశా." కళ్లు మేనేజర్ వైపు తిరిగాయి.

"నేను 'చూసుకో' అన్నానంతే!" అన్నాడు మేనేజర్ గబగబా. "ఆ మాటకి అర్థం ఇదేనా?"

"అదే మాట కోర్టులో చెప్పండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "జీపెక్కండి."

గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. పాత స్నేహితుడి చేతికి బేడీలు తనే వేశాడు.

*

స్టేషన్ చేరేలోపే లాయర్లు వచ్చి కూర్చున్నారు. పైనుంచి ఫోన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ నిలబడే విన్నాడు. 'సార్, సార్' అంటూ విన్నాడు. పెట్టేసి బయటికొచ్చాడు.

అక్క వరండాలో నిలబడి ఉంది. తమ్ముడి శవాన్ని అప్పగించే కాగితం మీద వేలిముద్ర వేసింది.

"సభ ఏమైంది సారూ?"

"వాయిదా వేశారు."

"వాయిదానా, రద్దా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఓపిక లేకపోయింది. "వాయిదానే అమ్మా. మేనేజర్ కూడా రెండు మూడు రోజుల్లో బెయిలు మీద వచ్చేస్తాడు. ఆయన కాకపోతే ఇంకో మేనేజర్ వస్తాడు."

ఆవిడ తలూపింది. ఈ మాట ముందే తెలిసినట్టు.

"వాగు కింద పైపు పగిలిందని చెప్పేవాడు వాడొక్కడే. సీసా కూడా పోయింది. నేను చెబితే ఊరికే అరుస్తోందంటారు." కొంగుతో ముఖం తుడుచుకుని అతని కళ్లలోకి చూసింది. "వాడెందుకు చచ్చాడో ఇందాక అక్కడ తేల్చారు కదా. సభలో నలుగురి ముందూ ఆ మాట చెప్తారా?"

పోలీసువాడు సభల్లో మాట్లాడడు. మాట్లాడితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇంత సర్వీసులో ఎన్నో చోట్లకి బదిలీ అయ్యాడు. చివరి రోజుల్లోనైనా ఇంటిపట్టున ఉందామని భార్య ఈమధ్యే పూలకుండీలు కొంది.

"వాగు దాకా నన్ను తీసుకెళ్లండి," అన్నాడు చివరికి. "ముందు నా కళ్లతో చూడాలి. తర్వాత వస్తాను."

హెడ్ జీపు తాళాలు తీసుకున్నాడు. "సభకి బందోబస్తు డ్యూటీ వేయించుకుంటారా సార్?"

"కాదు. సెలవు పెట్టి వస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాక్షిగా."