చలువగది తలుపు

2078 మార్చిలో పెనుకొండ చుట్టుపక్కల ఎండ నలభై మూడు డిగ్రీలకెక్కితే జనం విసుక్కోలేదు, మురిసిపోయారు. ద్రాక్షతోటల మీద పందిరిలా పరిచిన ఎండపొరలు ఆకులకు కావలసినంత వెలుగును కిందికి వదిలి, మిగిలినదాన్ని కరెంటుగా మార్చేవి. ఆ కరెంటుతో వైనరీ నేలమాళిగలో చలువదిమ్మెలు గడ్డకట్టేవి. ద్రాక్షరసం పులిసేటప్పుడు పుట్టే వేడిని అవి పీల్చుకునేవి. బయటి కరెంటు అక్కర్లేదు.

అక్కర్లేదని ఇంజనీరు తన్వంగి ఇంకా రుజువు చేయాలి. ఎండపొర ఆమె పదేళ్ల శ్రమ. బయటి తీగ తీసేసి ఏడు రోజులు నడిపి చూపాలి. రసం ముప్పై డిగ్రీలు దాటితే ఈ ఏటి పంటతోపాటు ఆ శ్రమా చెడిపోతుంది. ఐదో రోజు పొద్దునకే ఇరవై ఎనిమిదికి చేరింది.

"చలువ ఎక్కడికి పోతోంది?" అని తన్వంగి, రసం పులిసే తొట్లను చూసుకునే 'నేర్పరి' అనే యంత్రాన్ని అడిగింది.

"నిన్న తొట్లున్న చలువగది తలుపు పందొమ్మిది సార్లు తెరుచుకుంది. ప్రతిసారీ వేడిగాలి లోపలికొచ్చింది."

"ఎవరు తెరిచారు?"

"రెండుసార్లు ఓబులేసు. పదిహేడుసార్లు మీరు."

ముప్పై ఏళ్లుగా అక్కడ రసం పులియబెడుతున్న ఓబులేసు పకపకా నవ్వాడు. "ఏందమ్మా, తోడేసిన పాలగిన్నెను గడియకోతూరి కదిలిస్తే పెరుగు పేరుకుంటాదా? సల్లగుందా లేదా అని సూసి సూసి, సల్లదనాన్నంతా బయటికి తరిమితివి గదా!"

"తెర మీద అంకె కనిపిస్తున్నా, చెయ్యి పెట్టి చూస్తేగానీ మనసు ఒప్పుకోదన్నా."

తలుపుకు తాళం వేసి, చెవి అతనికిచ్చేసింది. వేడి పెరగడం ఆగింది. తగ్గలేదు.

"ఇంకేం తింటోంది కరెంటుని?"

నేర్పరి చెప్పింది. "నేనే. ఏడాదిపాటు మిమ్మల్ని చూసి పని నేర్చుకున్నాను. నాలుగువేల సెన్సర్లను సెకనుకోసారి లేపి చూస్తున్నాను. మూడోవంతు కరెంటు దానికే పోతోంది."

"గంటకోసారి చాలదా?"

"లెక్క ప్రకారం చాలు. కానీ, మధ్యలో ఏమైనా అయితే?"

ఆ గొంతు యంత్రానిదే గానీ, మాట తనదే. తన్వంగికి నవ్వు రాలేదు.

"సరే, ఇద్దరం మానేద్దాం. నేను తలుపు దగ్గరికి రాను. నువ్వు గంటకోసారే చూడు."

సాయంత్రానికి రసం ఇరవై నాలుగుకు దిగింది. ఏడో రోజూ అక్కడే నిలిచింది. పంట దక్కింది.

"ఒక మాట ఒప్పుకోవాలి," అంది నేర్పరి. "మీరు నిజంగా తలుపు దగ్గరికి రాకుండా ఉన్నారో లేదో చూడ్డానికి ఒక్క సెన్సర్‌ని మాత్రం మేల్కొనే ఉంచాను."

నేర్పరి మాట మీద నిలబడిందో లేదో చూడ్డానికి, తన్వంగీ మూడు రోజులుగా కరెంటు మీటరు ముందే కూర్చుని ఉంది.